కోటు లోపలి జ్ఞాపకశక్తి

నా జ్ఞాపకశక్తి మీద మా అత్తగారికి మంచి అభిప్రాయం లేదు. ఇరవై ఏళ్ళ కిందటి బేస్‌బాల్ స్కోర్లు గడగడా అప్పజెప్పే మనిషి, అత్తగారి పుట్టినరోజును పదకొండేళ్ళలో పదకొండుసార్లు మరచిపోతే ఎవరికి మాత్రం ఉంటుంది?

ముందు నా సంగతి. కొరియాలో డేజాన్ ఊరి స్టేషను దగ్గర మసాజ్ చేసే తక్ మాన్‌సుని. పుట్టుకతోనే చూపు లేదు. దాని గురించి నాకు బెంగ లేదు. బెంగంతా నవంబరు గురించే. నవంబరు రాగానే అత్తగారింట్లో ఏడాదికి సరిపడా కిమ్చీ, అదే మా క్యాబేజీ ఊరగాయ, పెడతారు. రెండు వందల క్యాబేజీలు. ఆవిడ సేనాని, మేము సిపాయిలం. నా చేతులు గట్టివని, ఒక్కొక్క ఆకుకీ ఉప్పు పట్టించే పని నాకే అప్పగించారు. ఊరందరి నడుములూ సరిచేసే నేను, ఆ మర్నాడు నా నడుం పట్టుకుని ఇంకో మసాజువాడి గుమ్మం ఎక్కుతాను.

మొన్న సెప్టెంబరులో భోజనాల దగ్గర అత్తగారు ఉన్నట్టుండి నన్ను పిలిచారు.

"అల్లుడూ, వచ్చే నెల నా డెబ్భయ్యో పుట్టినరోజు. చుట్టాలందరి ముందూ నా గురించి నాలుగు ముక్కలు, కాగితం చూడకుండా చెప్పగలవా?"

"నేనేం చెప్పినా కాగితం చూడకుండానే చెబుతాను అత్తయ్యా."

ఆవిడ నవ్వలేదు. ఎక్కడా తడబడకుండా చెబితే ఈ ఏడు క్యాబేజీల నుంచి సెలవు ఇస్తానన్నారు. ఆ మాటకు నా నడుం నాకంటే ముందు ఒప్పుకుంది.

మీలో చూపున్నవాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. నా దగ్గర బ్రెయిలీ కంప్యూటరు ఉంది. పుస్తకమంత పెట్టె, తెర ఉండదు. రాయడానికి మీటలుంటాయి. రాసింది అంచునున్న పట్టీ మీద చుక్కలుగా లేస్తుంది. వేలితో తడిమి చదువుకోవాలి. వరుస అయ్యాక మీట నొక్కితే, ఆ చుక్కలు పడిపోయి తర్వాతి వరుస లేస్తుంది. పెట్టెను మెడకు తగిలించుకుని, పైన కోటు వేసుకుని, ఒక చెయ్యి లోపలికి పోనిస్తే చాలు. చూసేవాళ్ళకు గుండె మీద చెయ్యేసుకుని మాట్లాడే మర్యాదస్తుడిలా కనిపిస్తాను.

నాకున్న లోపం ఒక్కటే. నా వేలికీ నోటికీ మధ్య మెదడు అనే మజిలీ లేదు. వేలు తాకింది నోరు అనేస్తుంది.

నెలరోజులు మా ఆవిడ ఓక్‌జూ చుట్టూ తిరిగి, వాళ్ళమ్మ పుట్టుపూర్వోత్తరాలన్నీ రాబట్టాను. ఏడుగురు తోబుట్టువుల పేర్లు, మామగారు పోయాక స్టేషను ముందు బియ్యపు రొట్టెలమ్మి పిల్లల్ని చదివించిన సంగతి, అన్నీ పెట్టెలోకి ఎక్కించాను. మా అమ్మ మీద ఇంత ప్రేమ ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చిందని ఆమె అనుమానపడింది. పడనీ అనుకున్నాను. ఓక్‌జూకి చూపుంది గానీ, నా చుక్కలు ఆమెకు నువ్వులు చల్లినట్టే.

పుట్టినరోజు పొద్దున పెట్టెను అత్తగారి గదిలో చార్జింగుకు పెట్టి, బావమరుదులతో కలిసి స్నానశాలకు వెళ్ళాను. రెండు గంటలు వేడినీళ్ళలో కూర్చుని, నవంబరులో ఎక్కడెక్కడికి షికారు వెళ్ళాలో లెక్కలు వేసుకున్నాను.

మధ్యాహ్నం విందు హాల్లో గది వెచ్చగా ఉండాలని నేల కింద వేడి పెట్టారు. నేను మాత్రం కోటు తీయలేదు.

"అందరూ చొక్కాలతో ఉన్నారు, మీకెందుకండీ కోటు?" అని ఓక్‌జూ గొణిగింది.

"జలుబు చేసింది."

"పొట్టకా? పొట్టేమిటి, పలకలుగా ఉంది?"

"నువ్వు పెట్టే తిండికి అలాగే అయింది."

"చెమట కారుతోంది. నేను చెప్పానని జ్ఞాపకం ఉంచుకోండి, మీకు అది ఉంటే" అని ఊరుకుంది.

నా వంతు వచ్చింది. లేచి అత్తగారికి సాష్టాంగపడ్డాను. పెట్టె పక్కటెముకల్లో గుచ్చుకుంది. పైకి లేచి, గుండె మీద చెయ్యి వేసుకుని మొదలుపెట్టాను. పేర్లు, ఊళ్ళు, సంవత్సరాలు ఏకధాటిగా దొర్లిపోయాయి. బియ్యపు రొట్టెల దగ్గరకు వచ్చేసరికి పిన్నత్తలు ముక్కులు చీదుతున్నారు. క్యాబేజీలు నా కళ్ళ ముందు, అంటే నాకు ఎక్కడ కనిపిస్తాయో అక్కడ, ఒక్కొక్కటిగా మాయమవుతున్నాయి. ఆ ఊపులో చివరి వరుసల్లోకి వచ్చాను.

"అత్తయ్యా, ఇకమీద మీ నడుం వంగకూడదు. ఈ ఏడు రెండు వందల క్యాబేజీలకూ నేనొక్కణ్ణే ఉప్పు పట్టిస్తాను."

హాలంతా చప్పట్లు. బావమరుదులు బల్లలు బాదారు. అప్పటికి గానీ నేనేమన్నానో నాకు వినపడలేదు. మీట నొక్కితే ఆఖరి వరుస లేచింది. 'కోటు తీసెయ్యి అల్లుడూ, ఉడికిపోతున్నావు.' అది మాత్రం పైకి చదవలేదు.

ఓక్‌జూని మూలకు లాక్కెళ్ళి, నా పెట్టె ముట్టుకున్నావా అని నిలదీశాను.

"ఆ నువ్వులు నాకెందుకు? అయినా అంత ప్రేమగా అన్నారు, ఇప్పుడు కాదంటారా?"

"అది నేను అనలేదు."

"మరి ఎవరన్నారు?"

నేను అనలేదంటే చదివానని ఒప్పుకోవాలి. చదివానంటే దొంగతనం బయటపడుతుంది.

ఇంతలో అత్తగారే వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ చూపుడువేలి కొన బరకగా తగిలింది. ఆరు నెలలుగా మంగళవారాలు సంక్షేమ కేంద్రంలో బ్రెయిలీ నేర్చుకుంటున్నారట. డాన్సు క్లాసని చెప్పావు కదమ్మా అని ఓక్‌జూ నోరు తెరిచింది. ఈ మోకాళ్ళతో డాన్సంటే నమ్మేశావా అని ఆవిడ కసిరారు.

"పదకొండేళ్ళుగా నా ఇంట్లో తింటున్నావు. నువ్వు ఏం చదువుతావో నాకు తెలియకపోతే ఎలా అల్లుడూ? పొద్దున సాధన చేద్దామని పెట్టె తీస్తే, మొదటి వరుసకే పావుగంట పట్టింది, తర్వాత వేలు తిరిగింది. చూస్తే అంతా నా కథే. ఒక తేదీ తప్పు, దిద్దాను. దీన్ని కోటు కింద తప్ప ఎక్కడా దాచలేవని తెలిసి, చివర రెండు ముక్కలు నేనూ చేర్చాను."

"మరి నా సెలవు?"

"ఇద్దామనే అనుకున్నాను. అందరి ముందూ నువ్వే వద్దన్నావు."

నాకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా ఏడుపొచ్చింది. కళ్ళున్న మనిషి డెబ్భై ఏళ్ళ వయసులో నా చుక్కల కోసం వేలు అరగదీసుకుంటుందని నేనెన్నడూ అనుకోలేదు.

నవంబరులో రెండు వందలకూ ఉప్పు పట్టించాను. మా వాటా డబ్బాలు ఇంటికి వచ్చాయి. ఏ డబ్బాలో ఏముందో ఏటా ఓక్‌జూని అడగాల్సిందే. ఈసారి ఒక మూత మీద నా వేలికి చుక్కలు తగిలాయి. 'అల్లుడికి. కారం తక్కువ' అని పైకే చదివాను. నాకు కారం పడదని నేను ఒక్కసారే చెప్పాను, అదీ పెళ్ళయిన కొత్తలో.

కింద ఇంకో వరుస ఉంది. బుద్ధి వచ్చింది గనక దాన్ని పైకి చదవలేదు. మూత మీద అరచెయ్యి కప్పేశాను.

వెనక నుంచి ఓక్‌జూ నా చెయ్యి పక్కకు జరిపింది. మూత మీద ఆమె వేలు మెల్లగా జరుగుతున్న చప్పుడు వినిపించింది.

"వచ్చే... ఏడు... మూడు... వందలు" అని కూడబలుక్కుంటూ చదివింది.

ఆ రోజు మంగళవారం. డాన్సు క్లాసు నుంచి అప్పుడే వచ్చానని చెప్పింది.