ఫుట్‌పాత్ మీద సంసారం

ఆ ఉదయం లెక్కల మేష్టారు వేసిన ప్లాను చాలా సులువైనది. లారీవాడు దించి వెళ్ళిన సామానుకి ఆయన ఫుట్‌పాత్ మీద కాపలా ఉంటారు. భార్య చంటివాణ్ణి చంకనేసుకుని మూడో అంతస్తులో ఇల్లు తుడుస్తుంది. తర్వాత ఒక్కొక్కటీ పైకి చేరవేస్తారు. ఆవిడ ఉద్యోగం కోసం ఈ దేశం వచ్చి వారమైంది. కొత్త దేశం, కొత్త ఇల్లు! మేష్టారికి కాలు నేల మీద నిలవడం లేదు.

మూతి ముడుచుకున్నది ఒక్క పిడుగే. అది వాళ్ళ తొమ్మిదేళ్ళ కూతురు. "రేపు ఆదివారం. రేపటిలోగా నాకు ఒక్క ఫ్రెండైనా దొరక్కపోతే వెనక్కి వెళ్ళిపోదాం. మాటిచ్చావ్!" అని తండ్రికి గుర్తుచేసి పైకి వెళ్ళిపోయింది. విమానం ఎక్కించే తొందరలో ఆయన మాటివ్వడం నిజమే.

ఇంతలో ఒక పెద్దాయన వచ్చి, కుర్చీ చూపించి కనుబొమలు ఎగరేశాడు. మేష్టారు కరిగిపోయారు. ఎవరి సామాను దిగినా వీధంతా తలో చెయ్యీ వెయ్యడం ఆయన పుట్టి పెరిగిన పద్ధతి. ఇక్కడా అంతేనన్నమాట! "అయ్యో, మీకెందుకండీ శ్రమ!" అని తెలుగులోనే మొహమాటపడి, మూడో అంతస్తని మూడు వేళ్ళు చూపించారు. పెద్దాయన మూడు కుర్చీలు తీసుకున్నాడు.

తమ మేడ గుమ్మం పక్క సందులో ఉంది కాబట్టి, సామాను పట్టుకుని మలుపు తిరిగిన ప్రతివాళ్ళూ పైకే వెళ్తున్నారనుకున్నారు మేష్టారు. పరుపు వెళ్ళింది. సోఫాని ఇద్దరు కుర్రాళ్ళ భుజాల మీదికి ఆయనే ఎత్తారు. చివరికి పిడుగు చదువుకునే బల్లని ఒక బేకరీ ఆవిడ, పిడుగు ఈడు ఆవిడ కూతురూ చెరోవైపు పట్టుకుని నడిచారు. చేతులు దులుపుకుని మేష్టారు పైకి పరుగెత్తారు.

"ఏమోయ్, అంతా సర్దేశావా?"

"ఏం సర్దను? మీరు తెస్తేగా!"

ఇద్దరూ కిటికీ దగ్గరికి ఉరికారు. ఎదురింటి బాల్కనీలో పెద్దాయన వాళ్ళ కుర్చీలో కూర్చుని, సంతోషంగా చెయ్యి ఊపాడు.

పిడుగు నెత్తి కొట్టుకుంది. "నాన్నా! ఇక్కడ అక్కర్లేనివే ఫుట్‌పాత్ మీద పెడతారు. ఎవరైనా పట్టుకుపోవచ్చు. నిన్న ఓనరమ్మ చెప్తుంటే తలూపావుగా!"

"అర్థమైతేనే తలూపాలా?"

ఆ భాష అంతో ఇంతో వచ్చింది పిడుగుకే, అదీ ఆర్నెల్లు కార్టూన్లు చూసి. ఇక ఇంటింటికీ వెళ్ళి సామాను అడగక తప్పలేదు. మొదటి గుమ్మం దగ్గర సిగ్గుతో ఏడ్చినంత పని చేసింది. రెండో గుమ్మంలో గొంతు నిలబడింది. మూడో ఇంటికి వచ్చేసరికి, నాన్న సోఫా ఎలా ఎత్తాడో నటించి చూపిస్తోంది. వీధి వీధంతా పగలబడి నవ్వి, సామానంతా మోసుకొచ్చి నిజంగానే మూడో అంతస్తుకి చేర్చింది.

"నేను అన్లా, మంచి మనుషులని!" అన్నారు మేష్టారు.

బల్ల మాత్రం రాలేదు. పిడుగూ రాలేదు. సాయంత్రమైంది. మేష్టారు బేకరీ ఆవిడ ఇంటికి పరుగెత్తారు. బల్ల మీద దుప్పటి కప్పి ఉంది. దాని కింద రెండు జతల కాళ్ళు, ఆపకుండా కిచకిచలు.

"బల్ల తీసుకెళ్దాం, రామ్మా."

"వద్దు, ఇక్కడే ఉంటుంది. నేనే రోజూ వస్తా," అంది దుప్పట్లోంచి పిడుగు.

"మరి వెనక్కి వెళ్ళిపోదామన్నావ్?"

"నువ్వు వెళ్తే వెళ్ళు."

పెళ్ళయ్యాక మేష్టారు వేసిన ప్లాను ఒకటి నెరవేరడం అదే మొదటిసారి. ఆయన వేసిన ప్లాను సామానుకి కాపలా కాయడమే గానీ, వీధికి పంచిపెట్టడం కాదని భార్య అభ్యంతరం.