ఘాడ్గే మేడం వద్దట

ఆ ఉదయం మృణ్మయి వేసుకున్న పథకం చాలా చిన్నది. బీడ్ దారిలోని ఆ ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. సర్జరీ పీజీ చేస్తున్న వాళ్లెవరినైనా పట్టుకుని, వాళ్లని సొంతంగా ఆపరేషన్లు చేయనిస్తారో లేదో అడగాలి. సాయంత్రం లోపు తన పీజీ సీటు ఖాయం చేసుకోవాలి. ముంబైలో అద్దాల ఆసుపత్రా, ఇదా? హౌస్‌సర్జన్‌గా ముంబైలో ఏడాదంతా ఆమె చేసింది, ఎవరో కోసిన చోటు మూసుకోకుండా హుక్కుతో లాగి పట్టుకు నిలబడటమే. పీజీలోనూ అదే అయితే చేతికొచ్చేది డిగ్రీ, పని కాదు.

"బాబా, ఇక్కడే కూర్చో. ఎవరికీ ఏమీ చెప్పకు."

వార్డులో ఓ బల్ల మీద కూర్చుని తండ్రి దత్తారాం తలూపాడు. మహారాష్ట్ర ప్రభుత్వ ఎస్టీ బస్సు నడిపి రిటైరైన మనిషి. కూతురి గురించి చెప్పకుండా ఉండటం మాత్రం ఆయన వల్ల అయ్యే పని కాదు.

డ్రెస్సింగ్ గదిలో రెండో ఏడు పీజీ ఫిరోజ్ తాంబోళి దొరికాడు. "చేయనివ్వడమేంటి తాయీ, చేయకపోతే తిడతారు. హెర్నియాలన్నీ మావే. ఘాడ్గే మేడం పక్కనే ఉంటారు, అంతే."

అది నిజమో గొప్పో ఆమె తేల్చుకునేలోపే వార్డులో గోల మొదలైంది. హెర్నియా ఆపరేషన్‌కి తీసుకెళ్లాల్సిన భానుదాస్ కాకా ట్రాలీ ఎక్కనంటున్నాడు.

"ముంబై నుంచి పెద్ద సర్జనమ్మ వచ్చిందటగా. ఆమె చేస్తేనే చేయించుకుంటా."

"నాకూ ఆమే," అన్నాడు పక్క మంచం మనిషి. ఎదుటి మంచం అప్పటికే చొక్కా తొడుక్కుని భీష్మించుకుంది. దత్తారాం పైకప్పు కేసి చూస్తున్నాడు.

థియేటర్లోంచి విభాగాధిపతి ఘాడ్గే మేడం వచ్చారు. "ఎవరా సర్జన్?"

మృణ్మయి చెయ్యెత్తి, ఉన్నదంతా చెప్పేసింది.

"చిక్కు తెచ్చింది మీరు. విప్పేదీ మీరే," అన్నారు మేడం.

మృణ్మయి ఫిరోజ్‌ని వెంటబెట్టుకుని భానుదాస్ మంచం దగ్గరికి వెళ్లింది. "కాకా, నేను సర్జన్ని కాను. ఒక్క ఆపరేషనూ చేయలేదు, హుక్కు పట్టుకున్నానంతే. హెర్నియా ఆపరేషన్ చెయ్యడం వచ్చినది ఈ ఫిరోజ్‌కే. ఇక్కడ రోజూ చేసేది వీళ్లేనట. మా బాబాకైనా ఈయన చేతే చేయిస్తా."

భానుదాస్ ఫిరోజ్‌ని కింది నుంచి పైదాకా చూశాడు. "సరే, పదండి."

"భయపడకండి. నేనే చేస్తాలే," అన్నారు మేడం అనునయంగా.

"మీరొద్దు మేడం. ఈ పిల్లాడే చెయ్యాలి. మీరు పక్కన నిలబడండి, చాలు."

"మాకూ పిల్లాడే," అన్నాయి మిగతా మంచాలు.

ఫిరోజ్ ఒక అడుగు వెనక్కి వేశాడు. మేడం ముఖం కదల్లేదు. ఇక కోపంతో పేలతారని మృణ్మయి కళ్లు మూసుకుంది.

"విన్నావుగా. చేతులు కడుక్కో పో," అన్నారు మేడం ఫిరోజ్‌తో. ఆ గొంతులోని గర్వం మృణ్మయికి కొత్త కాదు. చిన్నప్పటి నుంచీ ఇంట్లో బాబా నోట వింటున్నదే. "నువ్వూ రా. చూద్దువుగాని."

థియేటర్లో ఫిరోజ్ కత్తి పెట్టాడు. ఎదుట హుక్కు పట్టుకుని నిలబడింది ఘాడ్గే మేడం.

బయటికొచ్చి మృణ్మయి ఫోన్లోనే సీటు ఖాయం చేసింది. "ముంబైయేనా?" అన్నాడు దత్తారాం.

"ఇదే బాబా. ఇప్పుడు చెప్పుకో ఎవరికైనా."

ఆ వారమంతా ఘాడ్గే మేడం చేత ఆపరేషన్ చేయించుకోవడానికి ఆ వార్డులో ఒక్కరూ ఒప్పుకోలేదు.