ఒక సొట్టకు ఒక బిందె

సొట్ట లేని కారును నేను కారనే అనను. అది షోరూం బొమ్మ!

నవ్వద్దండి. సొట్టంత మేలు చేసేది ఈ కాలంలో ఇంకోటి లేదు. జిమ్ము అక్కర్లేదు, ధ్యానం క్లాసు అక్కర్లేదు. ఒక పాత కారు, దానికి తొమ్మిది సొట్టలు ఉంటే చాలు. నాకుండె.

ఎట్లొచ్చినాయంటారా? మా మిట్టవీధికి కొళాయి నీళ్లు ఎక్కవు. వారానికొక ట్యాంకరొస్తాది. హారన్ కొడితే చాలు, అరవై ఇండ్ల స్టీలు బిందెలు ఒక్కసారి ఉరుకుతాయి. మధ్యలో నా కారు! ట్యాంకరుకొక సొట్ట. ఇంట్లో క్యాలెండరెందుకు? కారు చూస్తే ఎన్ని వారాలైందో తెలిసిపోతాది!

ఇంక రిపేరు. దానికి షెడ్డుకెందుకు పోవాల? ఫోన్లో వీడియో చూసినా, నేర్చుకున్నా. బంపర్ ప్లాస్టిక్ కదా, మరిగే నీళ్లు సొట్ట మీద పొయ్యాల, లోపల్నుంచి చెయ్యి పెట్టి తొయ్యాల. టప్! ఆ శబ్దం విన్నాక మీకు ఏ సంగీతమూ రుచించదు. డోరుకైతే బాత్‌రూం తూము పొడిచే రబ్బరు కప్పు తడిపి అంటించి, కాలు తన్నిపెట్టి గుంజాల. సొట్టన్నా వస్తాది, మీరన్నా ఎనక్కి పడతారు.

ఖర్చు? ఒక్క సొట్టకు ఒక బిందె నీళ్లు.

ఆ బిందె యాడిది? ట్యాంకరుది. అందుకని నేనూ ఉరికినా. నా బిందే నా కారుకు తగిలింది. ఇంకో సొట్ట! దాన్ని తీసేదానికి ఇంకో బిందె! ఆగకుండా తిరిగే ఇట్లాంటి యంత్రాన్ని ఏ సైంటిస్టు చేసినాడు చెప్పండి?

నా భార్య హేమకు ఈ సైన్సు ఎక్కలేదు. "నువ్వు స్నానం చేసి నాలుగు దినాలాయ. కారుకు మాత్రం దినామూ వేన్నీళ్లా? పో, దాని పక్కనే పండుకోపో!" అనింది. అనిందేగానీ, బంపర్ కింద టబ్బు పెట్టింది ఆమే. ఆ నీళ్లతోనే బోకులు తోమింది.

ఎదురింటి బయమ్మత్త అయితే అరుగు మీద కూచోని ఒకటే నవ్వు. "ఏమప్పా, కారుకు కాన్పు చేస్తాండావా?"

మొన్న సోమవారం, నేను పదకొండు అర్జీలు పెట్టినాక, కొళాయి సంగతి తేల్చేదానికి ఇంజనీరు వచ్చినాడు. సార్ వస్తాడు, వీధి పరువుగా ఉండల్ల కదా అని ఆదివారమే తొమ్మిదో సొట్ట కూడా తీసేసినా. కారు అద్దం మాదిరి ఉండాది!

ఆయప్ప వీధంతా చూసినాడు. కారు చుట్టూ ఒక రౌండేసినాడు.

"ట్యాంకరుకాడ తొక్కులాట అని రాసినారే? ఇంత ఇరుకు సందులో తొక్కులాటుంటే ఈ కారు ఇట్లుంటాదా? మీకు నీళ్లు చాలుతాండాయి" అని ఫైలు మూయబోయినాడు.

అయ్యో! అరవై ఇండ్ల కొళాయిని నా చేతులారా గుంజి పారేసినా!

బయమ్మత్త కొంగు బిగించింది. ఖాళీ బిందె ఎత్తింది. నా డోరు మీద ఒక్కటిచ్చింది. ఢణ్!

"ఇదో సార్, రాసుకో. తొమ్మిదుండె, ఈ తెలివైనోడు తీసేసినాడు. తక్కిన ఎనిమిదీ ఇప్పుడే కొట్టిస్తా, నిలబడు. ఏమ్మే సుజాతా, నీ బిందె తే!"

సుజాత ఒక్కతే కాదు, వీధంతా తెచ్చింది. హేమ అందరికన్నా ముందుండాది!

ఇంజనీరు ఫైలు మళ్లీ తెరిచినాడు. "ట్యాంకరు చాలదు, కొళాయి కావల్ల" అని మా ముందరే రాసి, జీపెక్కి పోయినాడు.

కాబట్టి పాఠకులారా, సొట్ట తీసే విద్య అందరూ నేర్చుకోండి. నేను మాత్రం బయమ్మత్త సొట్టను అట్లే పెట్టినా. మా మిట్ట మీద కొళాయి తిప్పి, ఆ నీళ్లు కాంచి తీస్తా. అంతవరకు ఏ ఆఫీసరన్నా వచ్చి నీళ్లు చాలుతాండాయంటే, నా కారు పక్కన నిలబడి అనమనండి.

మా బిందెలు ఖాళీగానే ఉండాయి.