కండకు గడి లేదు

ఒక మనిషి ఆరోగ్యంగా ఉన్నాడో లేదో చెప్పే అధికారం వైద్యుడికి గాని, కట్టుకున్న భార్యకు గాని, ఆ మనిషికి గాని లేదనీ, అది కేవలం పదిహేడో నంబరు ఫారానికే ఉందనీ అకనుమా పురపాలక సంఘం చాలాకాలం కిందటే తేల్చేసింది. ఆ ఫారంలో రెండు గళ్ళు. మొదటి గడిలో నడుము కొలత. అది ఎనభై అయిదు సెంటీమీటర్లు దాటిన మగ ఉద్యోగి ‘ఆరోగ్య మార్గదర్శనం’లోకి వస్తాడు. రెండో గడిలో బరువు. మూడు నెలల్లో అది నాలుగు శాతం తగ్గితే బయటపడతాడు. నడుముతో లోపలికి వచ్చినవాడు నడుముతోనే ఎందుకు బయటికి పోకూడదని ఎవరూ అడగలేదు. (ఒకాయన అడిగాడు. ఆయనిప్పుడు శ్మశానాల విభాగంలో ఉన్నాడు. ఉద్యోగిగానే.)

ఆ ఏడు వేసవి ముగిసేసరికి మార్గదర్శనంలోకి వచ్చినవారిలో నీటి సరఫరా విభాగపు తొగాషి ఒకడు. వయసు యాభై ఒకటి. లీకులు పట్టడం అతని పని. ఇనుప కడ్డీ ఒక కొన రోడ్డుకు ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకుని, భూమిలో నీళ్ళు ఎక్కడ కారుతున్నాయో వింటాడు. ఇరవై ఆరేళ్ళుగా వింటున్నాడు. లోకంలో తనకు బాగా చేతనైన పని అదొక్కటేనని అతని నమ్మకం. ఆ నమ్మకం తప్పు కూడా కాదు.

ఆరోగ్య విభాగపు నర్సు కురాచి టేపు చుట్టింది.

“తొగాషి గారూ, ఊపిరి బిగపట్టకండి. టేపుకు తెలిసిపోతుంది.”

“బిగపట్టలేదమ్మా. భయానికి అదే ఆగిపోయింది.”

ఎనభై ఏడు. అతని వెనక నిలబడ్డ ఇసొబెకు ఎనభై ఎనిమిది. ఇసొబె కూడా అదే విభాగం, అదే బండి, ఇరవై ఏళ్ళ స్నేహం. మూడు నెలల్లో బయటపడనివారిని రోడ్డు పనికి పంపరాదని నిబంధన. ఉద్యోగి రోడ్డు మీద కూలిపోతే కార్యాలయానికి అప్రతిష్ఠ. (కుర్చీలో కూలిపోతే అంతర్గత వ్యవహారం.)

కురాచి ఇద్దరికీ చెరొక డబ్బా ఇచ్చింది. నిండా చిన్న చిన్న పొట్లాలు.

“తిండి తగ్గిస్తే ఒళ్ళు కొవ్వునొక్కదాన్నే కరిగించుకోదండీ, కండను కూడా తినేస్తుంది. ఇది అమైనో ఆమ్లాల పొడి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకుని, రోజూ కాసిని గుంజీలు తీయండి. కండ నిలబడుతుంది.”

తొగాషి బుద్ధిగా తల ఊపాడు. ఇసొబె మాత్రం బండిలో కూర్చున్నాక పొట్లం మీది అచ్చు చదివి లెక్క కట్టాడు.

“ఒరేయ్, పొట్లం నాలుగున్నర గ్రాములు. రోజుకు రెండు. తొంభై రోజులకు ఎనిమిది వందల పది గ్రాములు. బరువు తగ్గమని చెప్పి ముప్పాతిక కిలో పైన మన చేతే మింగిస్తున్నార్రా! నేనేం వెర్రివాణ్ణా?”

“అది అరిగిపోతుందిరా.”

“అరిగిందీ లేనిదీ రాసుకునే గడుందా ఫారంలో?”

లేదు. ఇసొబె డబ్బా సొరుగులోకి పోయింది.

ఇద్దరికీ పస్తులు మొదలయ్యాయి. తొగాషి ఇంట్లో రాత్రి భోజనమంటే క్యాబేజీ, సోయా పాలు విరిచి చేసే తోఫు, ముట్టుకుంటే వణికే కొన్యాకు దుంపముద్ద, చిన్న గిన్నెడు అన్నం. భార్య సుమియె ముందే చెప్పేసింది.

“ఏవండీ, రెండో గిన్నె మాత్రం అడక్కండి. నేనూ మనిషినే. జాలిపడి పెట్టేస్తాను.”

అతను అడగలేదు. చేదుగా, తుప్పు పట్టిన ట్యాంకు నీళ్ళలా ఉండే ఆ పొడిని రెండు పూటలా కళ్ళు మూసుకుని మింగాడు. వంటింటి గట్టు పట్టుకుని గుంజీలు తీశాడు. ఇసొబె గుంజీల జోలికి పోలేదు. మధ్యాహ్నం భోజనం మానేశాడు, తర్వాత రాత్రిదీ మానేశాడు. బెల్టుకు కొత్త బెజ్జం పొడిచి అందరికీ చూపించాడు.

నవంబరులో తూకం వేశారు. తొగాషి డెబ్భై ఎనిమిది నుంచి డెబ్భై ఆరుకు దిగాడు. కావలసింది మూడు కిలోల పైచిలుకు, తగ్గింది రెండు. నడుము ఎనభై నాలుగుకు వచ్చింది గాని, బయటికి పోయే దారిలో నడుము చూడరు. ఇసొబె ఆరు కిలోలు తగ్గాడు. బుగ్గలు పీక్కుపోయాయి. ప్రమాణపత్రం అందుకోవడానికి వేదిక మూడు మెట్లెక్కి, ఎక్కాక కాసేపు ఆగాడు. ఆరోగ్య ప్రోత్సాహక సంఘం అధ్యక్షుడు మగారా అది వినయం అనుకున్నాడు.

“ఇసొబె గారు ఆరు కిలోల భారాన్ని పురపాలక సంఘం నుంచి శాశ్వతంగా తొలగించారు” అన్నాడాయన. అందరూ చప్పట్లు కొట్టారు. తొగాషి కూడా కొట్టాడు.

ఆ సాయంత్రం కురాచి మనసు ఊరుకోక తొగాషిని వెనక గదిలోకి పిలిచింది. అక్కడ ముసుగు కప్పిన యంత్రం ఒకటుంది. ఒంట్లో కొవ్వెంతో, కండెంతో విడివిడిగా చెబుతుంది. పురపాలక సంఘం దాన్ని కొని నాలుగేళ్ళయింది. అది చెప్పేది రాసుకోవడానికి చోటు లేక ముసుగేశారు. మొదటిరోజే ఆమె తనంతట తాను ఇద్దరినీ దాని మీద నిలబెట్టి కాగితం దాచింది. ఆ మధ్యాహ్నం మళ్ళీ నిలబెట్టింది.

“చూడండి, మీకు కొవ్వు మూడు కిలోలు పోయింది, కండ కిలో పెరిగింది. అందుకే కాటా రెండే చూపించింది. ఇసొబె గారికి పోయిన ఆరింటిలో నాలుగు కండేనండీ. నాకు భయంగా ఉంది.”

ఆ కాగితాలు పట్టుకుని కురాచి, తొగాషి మగారా దగ్గరికి వెళ్ళారు. ఆయన రెండూ శ్రద్ధగా చదివాడు.

“చాలా బాగుంది. కానీ కండకు గడి లేదు.”

“ఒక గడి పెట్టొచ్చు కదండీ?” అంది కురాచి.

“పెట్టాలంటే ఫారం వెడల్పు పెరగాలి. ఫారం వెడల్పు పెరగడం ఈ కార్యక్రమం స్ఫూర్తికే విరుద్ధం కదమ్మా.”

సోమవారం నుంచి తొగాషికి కుర్చీ ఇచ్చారు, ముందు టెలిఫోను పెట్టారు. కడ్డీ ఇసొబె చేతికి పోయింది. వారం రోజులు తొగాషి జనం ఫిర్యాదులు విని, ఏ వీధిలో ఏ గొట్టం పగిలిందో వాళ్ళ మాటను బట్టే పోల్చుకుని, కాగితం మీద రాసి పక్క బల్లకు పంపాడు. ఆకలి కంటే అది కష్టంగా ఉంది.

ఎనిమిదో రోజు పదకొండున్నరకు ఇసొబె ఫోను చేశాడు.

“తోఫు కొట్టున్న మిట్ట దగ్గరున్నా. నీళ్ళు ఉబికి వస్తున్నాయిరా, ఎక్కణ్ణుంచో తెలీడం లేదు. చెవిలో ఏదో గుయ్యిమంటోంది. అది గొట్టమో నేనో అర్థం కావట్లేదు.”

“కూర్చో. ఏదీ ముట్టుకోకు. పన్నెండింటికి భోజనానికి లేస్తాను.”

తొగాషి ఆ ఎత్తు ఎక్కేసరికి ఇసొబె ముట్టుకోనే ముట్టుకున్నాడు. రోడ్డులో కవాటం ఉండే గుంత మీది నలభై కిలోల ఇనుప మూతకు కొక్కెం తగిలించి లాగుతున్నాడు. మూత అంగుళం లేచింది, ఇసొబె మొహం తెల్లబడింది, మూతా మనిషీ ఒకేసారి కింద పడ్డారు. పారుతున్న చల్లటి నీళ్ళలో అతను పక్కకు ఒరిగి కదలకుండా ఉండిపోయాడు.

తొగాషికి కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత ఇసొబె ముక్కు దగ్గర చెవి పెట్టాడు. ఊపిరి ఆడుతోంది. అతన్ని గట్టు మీదికి లాగి, మూత ఎత్తి పక్కన పడేసి, కవాటం తిప్పి నీళ్ళు ఆపాడు. ఆపైన మనిషిని వీపున వేసుకుని నడిచాడు. వైద్యశాల రెండు వందల మీటర్లు, అంతా ఎత్తే. తోఫు కొట్టు ముసలావిడ చియొనో వేడి సోయా పాల గిన్నెతో వెంటబడింది.

“ఏం నాయనా, ఆఫీసు వాళ్ళు అన్నం పెట్టడం లేదా వీడికి?”

“తిననివ్వడం లేదు అవ్వా.”

“తింటే ఏమవుతుందిట?”

వీపు మీద ఇసొబెకు తెలివి వచ్చింది. గిన్నె నోటి దాకా రాగానే తల తిప్పుకున్నాడు.

“వద్దురా... ఎల్లుండి పత్రం వచ్చినవాళ్ళకు మళ్ళీ తూకం ఉంది.”

ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ చేయి చేసుకోని తొగాషికి ఆ క్షణంలో అతన్ని కొట్టాలనిపించింది. రెండు చేతులూ అతన్ని మోయడానికే సరిపోయాయి కాబట్టి తిట్టి ఊరుకున్నాడు. “నోరు మూసుకుని తాగరా, వెధవా!” నోరు మూసుకుని తాగడం ఎలాగో తెలియక ఇసొబెకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాడు. గిన్నెడు పాలూ తాగాడు.

నాలుగు రోజులకు ఇసొబె తేరుకున్నాడు. ఆఫీసుకు రాగానే కడ్డీ తెచ్చి తొగాషి బల్ల మీద పెట్టాడు. “ఇది నీది. అడిగినవాళ్ళకు నేను చెబుతా.” కాని ఎవరూ అడగలేదు. విచారణ అప్పటికే పూర్తయింది. తొగాషిని సాక్షిగా పిలిచి, నివేదిక చూపించి, సంతకానికి బదులు తన ముద్ర వేయమన్నారు. అతను నిలబడే చదివాడు.

మొదటి పేరాలో మూత ‘తెరవబడినది’ అని ఉంది. ఎవరిచేత తెరవబడిందో లేదు. రెండో పేరాలో, మార్గదర్శనంలో ఉండి కూడా అనుమతి లేకుండా బరువు ఎత్తినందుకు తొగాషికి మందలింపు ఉంది. మూడో పేరా చిన్నది:

“బాధితుణ్ణి ఒక సహోద్యోగి ఎత్తు మార్గంలో రెండు వందల మీటర్లు వీపున మోసి సకాలంలో వైద్యశాలకు చేర్చగలిగాడు. బాధితుడు అంతకుముందే ఆరు కిలోలు తగ్గి ఉండటం వల్లనే ఇది సాధ్యమైంది. ఆరోగ్య మార్గదర్శన కార్యక్రమం ఈ విధంగా ఒక నిండు ప్రాణాన్ని కాపాడినట్టు ఇందుమూలంగా నమోదు చేయడమైనది.”