సిలువంత బాధ

గుణదలలో ఆ ఉదయం మార్తమ్మ అనుకున్నది ఒక్కటే: గోంగూర పచ్చడి నూరి, కంకిపాడులో కొత్తగా కాపురానికి వెళ్లిన కూతురు స్టెల్లాకు ఇచ్చి రావాలి. "ఎలా ఉన్నావమ్మా?" అని మెసేజ్ పెట్టింది. "ఎక్స్‌క్రూషియేటింగ్ మమ్మీ" అని జవాబొచ్చింది. మార్తమ్మ చదువు పదో తరగతితో ఆగింది. అంత పొడుగు మాట మంచిదై ఉండదనిపించింది. ఫోన్ చేస్తే స్టెల్లా ఎత్తలేదు.

వెంటనే సెమినరీలో లాటిన్ చదివొచ్చిన ఉపదేశి కృపానందం గారికి ఫోన్ కలిపింది.

"లాటిన్‌లో క్రూక్స్ అంటే సిలువమ్మా. సిలువ మీద పడే బాధలోంచి పుట్టిందా మాట. ఇప్పుడైతే జనం భరించలేనిదేదైనా..."

సిలువ తర్వాత మార్తమ్మ ఏమీ వినలేదు. చర్చి ప్రార్థన గ్రూపులో "మా స్టెల్లాకు సిలువంత బాధ, ప్రార్థించండి" అని పెట్టేసింది. కాసేపటికి ఎలిజబెత్ "ఆపరేషనేమో" అంది. ఆ వెనకే ఎవరో "ఆపరేషన్ జరుగుతోందట" అన్నారు.

"చూశారా! కన్నతల్లికి చెప్పకుండా దాచారు!" అని మార్తమ్మ బావురుమంది.

"నువ్వు పెట్టిందేగదే తిరిగొచ్చింది!" అన్నాడు భర్త సంజీవరావు.

"ఆపరేషనని నేను పెట్టానా?"

ప్రార్థన బృందమంతా వ్యాన్ ఎక్కింది. పెనమలూరు దగ్గర అంబులెన్స్ ఎదురొస్తే, అందులో ఉన్నది స్టెల్లాయేనని మార్తమ్మ వ్యాన్ వెనక్కి తిప్పమంది. డ్రైవర్ వినలేదు.

కంకిపాడులో తలుపు తీసింది స్టెల్లాయే, నిక్షేపంలా. వెనకే పాటల పుస్తకంతో అత్తగారు తెరేసమ్మ. సంగతి విని ఆమె కంగారుపడింది.

స్టెల్లా తల్లిని వంటింట్లోకి లాగింది. "నాకేం కాలేదు మమ్మీ! అత్తయ్య పాట! పొద్దున్నే ఆగకుండా పాడతారు. భరించలేక అలా పెట్టా."

మార్తమ్మకు అనిపించింది: ఆపరేషనే నయం. ఈ మాట తెరేసమ్మ చెవిన పడితే పిల్ల కాపురం ఏం కాను?

"నడుం నొప్పంట వదినగారూ!" అంది బయటికొచ్చి.

"ఓస్, నొప్పేనా! అందరూ మోకరించండి, నేను పాడతా."

రెండో చరణం ఇంకా ఎత్తుకోనేలేదు, స్టెల్లా దిగ్గున లేచింది. "తగ్గిపోయింది అత్తయ్యా! పూర్తిగా తగ్గిపోయింది!"

"స్తోత్రం!" అన్నారంతా.

ఆదివారం తెరేసమ్మ తన పాటకే కోడలి నొప్పి తగ్గిందని చర్చిలో సాక్ష్యం చెప్పింది. ఎవరికి బాగోలేదన్నా పుస్తకం పట్టుకుని తానే వస్తానంది. అప్పట్నుంచి కంకిపాడులో ఎవర్ని పలకరించినా ఆరోగ్యంగానే ఉన్నామంటున్నారు.