కుంచెతో విముక్తి

"జైలు గోడలు కూలవు. కానీ వాటికి రంగు వేయవచ్చు!" అని మంత్రి నిత్యానందం గారు తాడేపల్లిగూడెం సభలో ప్రకటించినప్పుడు, మొదట చప్పట్లు కొట్టింది నేనే. ఆ వాక్యానికి అర్థం నాకు ఇప్పటికీ తెలియదు. మహిళా ఖైదీలకు చిత్రలేఖనం నేర్పే పథకం అది. పేరు 'కుంచెతో విముక్తి'. ముప్పై మంది ఖైదీలు, పది రోజుల శిబిరం, ఆఖరి రోజు మంత్రిగారి చేతుల మీదుగా ప్రదర్శన.

శిక్షకుడిగా నన్ను ఎంపిక చేశారు. నా పేరు తాతాజీ, హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారిని. కిందటి ఎన్నికల్లో మంత్రిగారి నిలువెత్తు బొమ్మ గీశాను. చూసినవాళ్ళంతా అది మంత్రిగారి బావమరిది అనుకున్నారు. నియోజకవర్గంలో పనులన్నీ చేసిపెట్టేది బావమరిదే కాబట్టి బొమ్మకు పూలదండలు బాగానే పడ్డాయి. నాకూ పేరొచ్చింది.

ఏ జైలో చెప్పను. నాకింకా పదకొండేళ్ళ సర్వీసు ఉంది.

మొదటి రోజు జైలరు రాజరత్నం గారు టీ ఇచ్చి కూర్చోబెట్టారు. చాలా మర్యాదస్తులు.

"ముప్పై మంది ఏరండీ?" అన్నాను.

"ఏడుగురున్నారండి."

"మంత్రిగారు ముప్పై అన్నారు కదండీ?"

"నేనేం చెయ్యనండి మాస్టారూ? నేరాలు పెంచే పని మా డిపార్ట్‌మెంటుకి ఇవ్వలేదు కదండీ."

ప్రదర్శన నాటికి డ్వాక్రా సంఘాల నుంచి ఇరవై మూడు మందిని బస్సులో తెప్పించి తెల్ల చీరలు కట్టిద్దామని నిర్ణయించాం. సలహా నాదే. ఇలాంటివి నాకు వెంటనే తడతాయి.

ఆ ఏడుగురిలో ఒకామె ముగ్గులు తప్ప ఏమీ వేయదు. ఒకామె నా ముఖం గీసి, దాని మీద అడ్డంగా గీతలు కొట్టేది. మిగతా వాళ్ళు రంగు డబ్బాలు మూత తీసి చూసి, జాగ్రత్తగా మళ్ళీ మూత పెట్టేవారు. ఒక్క రత్నకుమారి మాత్రం గీసింది. కొల్లేటి లంకలో చేపల చెరువుల మీద కూలికి వెళ్ళే మనిషి. మొదటి రోజే ఆవిడ బుట్టెడు చేపలు గీస్తే, ఏది బొచ్చె, ఏది శీలావతి, ఏది కొర్రమీను అన్నది పొలుసు చూసి చెప్పేయవచ్చు. ఇరవై ఏళ్ళుగా నేను పిల్లలకు నేర్పిన చేప ఒక్కటే. దాని పేరు చేప.

ఆవిడ మీద కేసు ఏమిటంటే, కొల్లేటిలో ఒక పెద్దమనిషి చేపల చెరువు ఉంది. అభయారణ్యంలో చెరువు ఉండకూడదు కనుక రికార్డుల్లో అది లేదు. దాని గట్టును రత్నకుమారి పారతో కొట్టిందట. లేని చెరువుకు గట్టు ఎలా వచ్చిందని నేను అడగలేదు. నేను డ్రాయింగ్ మాస్టారిని, లెక్కల మాస్టారిని కాను.

ఎనిమిదో రోజు, శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఆవిడకు బెయిలు వచ్చింది. అల్లుడు ఏసుకుమార్ కలిదిండి నుంచి ఆటో కట్టించుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. రత్నకుమారి బట్టలు మూట కట్టుకుంది. రాజరత్నం గారు కళ్ళజోడు పెట్టుకుని కలం తీశారు. ఇంకో రెండు నిమిషాలు నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథ ఉండేది కాదు.

"ఏవండీ," అన్నాను. "ఈవిడ వెళ్ళిపోతే ఆదివారం మంత్రిగారికి ఏం చూపిస్తామండీ?"

ఆయన కలం ఆపారు.

"ఇన్‌వర్డు గుమాస్తా మీ ఎగ్జిబిషన్‌కే నిచ్చెనెక్కి మేకులు కొడుతున్నాడండి. ఆయన ఎంట్రీ వెయ్యనిదే కాగితం మాకు అందినట్టు కాదండి."

"ఎప్పుడు దిగుతాడండీ?"

"నిచ్చెన మీంచా? మీరెప్పుడు దిగమంటే అప్పుడేనండి."

నా ఉద్యోగంలో మొదటిసారి ఒక ప్రభుత్వ గుమాస్తా నా మాట కోసం నిచ్చెన మీద ఎదురుచూస్తున్నాడు. ఆదివారం అన్నాను.

రత్నకుమారి నా దగ్గరకు వచ్చింది. "మాస్టారండీ, మా నిస్సీకి నెలలు నిండిపోయినియ్యండి. తొలి కాన్పండి. దానికి అత్త లేదండి. తల్లిని నేను పక్కన లేకపోతే ఎట్టాగండి?"

"రెండు రోజులేనమ్మా. కళ కోసం."

"కళ కోసం కాన్పు ఆగుద్దాండి?"

జవాబు లేనప్పుడు మాస్టార్లు చేసే పనే చేశాను. కొత్త డ్రాయింగ్ షీటు ఇచ్చాను. సిగ్గేసింది. అయితే సిగ్గుపడడం వేరు, మానుకోవడం వేరు.

శనివారం పొద్దున్న నిస్సీకి ఆడపిల్ల పుట్టింది. కాన్పు కష్టమైందనీ, అమ్మ అమ్మ అని అరుస్తూనే ఉందనీ, ఇంట్లో ఆడదిక్కు లేక పక్కింటావిడ వచ్చి చూస్తోందనీ ఏసుకుమార్ గేటు దగ్గర చెప్పాడు. నా మీద కోప్పడలేదు. "రేపు పంపించేస్తారు కదండీ?" అని మాత్రం అడిగాడు. రేపేనన్నాను.

ఆదివారం ప్రదర్శన దివ్యంగా జరిగింది. తెల్ల చీరల్లో ఇరవై మూడు మంది తలలు వంచుకుని పశ్చాత్తాపపడుతూ కూర్చున్నారు. అసలు ఖైదీలు ఏడుగురూ ఇంటి నుంచి వచ్చిన రంగు చీరల్లో ఉండడంతో, మంత్రిగారు వాళ్ళను అధికారుల కుటుంబాలనుకుని నమస్కారం పెట్టారు. తరువాత రత్నకుమారి బొమ్మ ముందు ఆగారు. గీసిన ఖైదీ ఈవిడేనని రాజరత్నం గారు ఆవిడను ముందుకు పిలిచారు.

"ఇదేంటమ్మా?"

"కొర్రమీనండి."

"కాదమ్మా," అన్నారు మంత్రిగారు దయగా. "ఇది స్వేచ్ఛ."

విలేకరులు రాసుకున్నారు. మంత్రిగారు వాళ్ళు రాసుకునేదాకా ఆగారు. మైకు తీసుకుని, "ఈ కళాకారిణిని ఆగస్టు పదిహేనున, స్వాతంత్ర్య దినోత్సవం నాడు, నేను స్వయంగా వచ్చి విడుదల చేయిస్తాను!" అని ప్రకటించారు. చప్పట్లు.

రత్నకుమారి చేతులు జోడించింది. "అయ్యా, నాకు శుక్రవారమే బెయిలొచ్చేసిందండి. ఇయ్యాలే ఎల్లిపోవాలండి."

"చూశారా!" అన్నారు మంత్రిగారు జనంతో. "నేను మాట అన్నానంటే అది మొన్ననే జరిగిపోయినట్టు అనుకుంటోంది. ప్రజల్లో నా మీద అంత నమ్మకం!"

మరునాడు పేపర్లో ఫొటో వచ్చింది. ఎడమ నుంచి ఆరో మోచెయ్యి నాది.

గుమాస్తా నిచ్చెన దిగాడు. అయినా రత్నకుమారిని వదల్లేదు. రాజరత్నం గారు నాకు ఓపిగ్గా విడమరచి చెప్పారు.

"ఇవాళ వదిలేస్తే పదిహేనున ఎవరిని వదలమంటారండీ? మంత్రిగారు వచ్చి గేటు దగ్గర నిలబడితే, లోపలి నుంచి నన్ను రమ్మంటారా?"

ఏసుకుమార్ వకీలు దగ్గరకు పరుగెత్తాడు. వకీలు గారు అనుభవజ్ఞులు. "మంత్రిగారే నోరారా అన్నాక మనం కోర్టుకెళ్ళి కదపడం ఎందుకయ్యా? మూడు వారాలు ఎంతలో గడుస్తాయి?" అన్నారట.

నిస్సీకి జ్వరం తగిలింది. పసిదానికి పాలు చాలడం లేదు. ఈ కబుర్లు ములాఖత్‌కు వచ్చి ఏసుకుమార్ చెబుతుంటే, రత్నకుమారి చీర కొంగు నోట్లో కుక్కుకుని వినేది. ఆవిడ మళ్ళీ కుంచె ముట్టలేదు. చూసి నాకు ఏడుపొచ్చింది. అదే వారం మంత్రిగారి పేషీ నుంచి నాకు ప్రశంసాపత్రం కూడా వచ్చింది. రెండూ ఒకే వారం కావడంతో దేన్ని గురించి ఎక్కువ బాధపడ్డానో చెప్పలేను.

ఆగస్టు పదిహేను వచ్చింది. జైలు ఆవరణలో జెండా కర్రకు కొత్త రంగు వేయించాం. మంత్రిగారు శాలువాతో సహా వచ్చారు. గేటు బయట నిస్సీ, జ్వరం తగ్గీ తగ్గని ముఖంతో, ఇరవై రోజుల పిల్లను పొత్తిళ్ళలో పెట్టుకుని నిలబడింది. ఏసుకుమార్ గొడుగు పట్టాడు. లోపల రత్నకుమారి మూట చంకన పెట్టుకుని గేటు వైపే చూస్తోంది. పిల్లను ఆవిడ ఇంకా ఎత్తుకోలేదు.

అప్పుడు మోటారు సైకిల్ మీద ఒక కానిస్టేబులు వచ్చాడు. చేతిలో కాగితం. మంత్రిగారిని చూసి గట్టిగా సెల్యూట్ కొట్టాడు.

"వారంటండి. ఒక ముద్దాయి బెయిలు మీద బయటికొచ్చి పరారైపోయిందండి. ప్రతి సోమవారం స్టేషనుకొచ్చి సంతకం పెట్టాలని బెయిలు షరతండి. వరసన మూడు సోమవారాలు రాలేదండి. బెయిలు రద్దు చేసేసేరండి. కొల్లేరు లంకలన్నీ పడవేసుకుని గాలించేవండి. పాత ఖైదీ కదా, ఇక్కడెవరికన్నా ఆచూకీ తెలుస్తుందేమోనని వచ్చేనండి."

"పేరు?" అన్నారు రాజరత్నం గారు.

"రత్నకుమారండి."

"నేనేనండి," అంది రత్నకుమారి.

బెయిలు కాగితాన్ని మేమందరం చూశాం. చదివినవాళ్ళు లేరు.

రాజకీయ నాయకుడి గొప్పతనం ఇలాంటప్పుడే తెలుస్తుంది. మంత్రిగారు ఒక్క క్షణంలో తేరుకున్నారు. "పండగ పూట కూడా సెలవు తీసుకోకుండా, పరారీలో ఉన్న ముద్దాయిని పట్టుకున్న మన పోలీసులకు నా అభినందనలు!" అని శాలువా తీసి కానిస్టేబులుకు కప్పారు. కెమెరాలు తళుక్కుమన్నాయి. కానిస్టేబులు సిగ్గుపడ్డాడు.

రత్నకుమారి నా ముందుకు వచ్చింది. గొంతు పెంచలేదు.

"మాస్టారండీ, మీరు చెప్పండి. నేనెక్కడికీ పారిపోలేదని, ఇక్కడే ఉన్నానని, మీరే ఉండమన్నారని. మీరొక్కరు చెబితే ఆ కాగితం మీద రాసుకుంటారండి. నన్నొదిలేత్తారండి."

కానిస్టేబులు జేబులోంచి పెన్ను తీశాడు. రాజరత్నం గారు నా వైపు చూశారు. మంత్రిగారు కూడా చూశారు. బహుశా నన్ను ఆయన గుర్తుపట్టడం అదే మొదటిసారి. గేటు బయట పసిది ఏడుపు అందుకుంది.

మంత్రిగారు తాడు లాగారు. జెండా విచ్చుకుంది. పూలరేకులు రాలాయి.

నేను నోరు తెరిచాను. నిటారుగా నిలబడి, అందరి కంటే గట్టిగా, జాతీయగీతం పాడాను. పాట పూర్తయింది. రత్నకుమారి ఇంకా నా ముఖంలోకే చూస్తోంది.

నేను మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాను.