రివర్సు గేరంటే పడని మనిషి

వెండెల్ టోలెఫ్‌సన్ పందొమ్మిదేళ్ళుగా స్కూలు బస్సు నడుపుతున్నాడు. ఆ పందొమ్మిదేళ్ళలో బస్సు ఒక్క రోజు ఆలస్యం కాలేదు, ఒక్క గీత పడలేదు, ఒక్క పిల్లవాడు దారిలో మిగిలిపోలేదు. విస్కాన్సిన్‌లోని ఆ చిన్న ఊళ్ళో చక్రాలున్న వస్తువు ఏదైనా సరే వెండెల్ చేతిలో పెడితే చాలని జనానికి గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని అతను ఎన్నడూ కాదనలేదు. అదే అతని కొంప ముంచింది.

ఎందుకంటే నలభై అడుగుల బస్సును మోకాలి లోతు మంచులో నడపగల ఆ మహానుభావుడికి, వెనక ఏదైనా తగిలించిన బండిని వెనక్కి పోనివ్వడం రాదు. స్కూలు బస్సువాళ్ళకు శిక్షణలో పదే పదే చెప్పేది కూడా అదే: వీలైనంత వరకు వెనక్కి పోవద్దు. వెండెల్ ఆ ఒక్క పాఠాన్ని ఆదివారం చర్చికంటే నిష్ఠగా పాటించాడు.

పెళ్ళయిన కొత్తలో మామగారి పడవను సరస్సులోకి దించబోయి, పడవను మోసే ట్రైలరును అడ్డం తిప్పేసి, గంటసేపు రేవు మొత్తం మూసేశాడు. ఆ రేవు పక్క కౌంటీలో ఉండబట్టి పరువు దక్కింది. ఎరిగినవాళ్ళలో సాక్షి ఒక్కతే. ఆ సాక్షితోనే పదహారేళ్ళుగా కాపరం చేస్తున్నాడు. ఆవిడ ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు కాబట్టి మరిచిపోయిందనుకున్నాడు.

ఆ సాక్షి, అంటే జోలీన్, ఏప్రిల్‌లో ఒక రోజు బంగాళాదుంపలు చెక్కు తీస్తూ ప్రకటించింది.

"ఈ వేసవికి ఊళ్ళు తిరగడానికి మంచాలూ వంటిల్లూ ఉన్న ట్రైలర్ కొందాం. పికప్ ట్రక్కు ఎలాగూ ఉంది. తగిలించుకుని పోవడమే."

వెండెల్ వెంటనే అడ్డం పడ్డాడు. "మోటార్‌హోమ్ అయితే తగిలించే పనే ఉండదు కదా. ఎక్కి కూర్చుంటే ఇల్లు దానంతటదే కదులుతుంది."

"దానంతటది ఎందుకు కదులుతుంది? నువ్వు తోలితే కదులుతుంది. తొమ్మిది నెలలు బస్సు తోలి, సెలవుల్లో కూడా బస్సే తోలతానంటావు."

"బస్సులో మంచం ఉండదు."

"దీంట్లో ఉంటే మాత్రం నీకేం ఒరిగింది? డ్రైవరు పడుకోకూడదుగా."

మర్నాడు వెండెల్ మోటార్‌హోమే ఎందుకు కొనాలో పది కారణాలు రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాడు. అసలు కారణం పదకొండోది. అది రాయలేదు. సాయంత్రానికి ప్రతి కారణం పక్కనా జోలీన్ పెన్సిలుతో ఏదో ఒకటి గిలికింది. 'బండి నడుస్తుండగానే బాత్రూముకు వెళ్ళవచ్చు' అన్నదాని పక్కన 'నువ్వు తప్ప' అని ఉంది.

వెండెల్‌ను మరీ అంత స్వార్థపరుడని అనుకోకూడదు. అతని మనసులో ఇంకో మాట కూడా ఉంది. అది కూతురి గురించి.

బ్రిట్టాకు పద్నాలుగేళ్ళు. రోజూ తండ్రి బస్సులోనే బడికి వెళ్ళి వస్తుంది. పిల్లలందరూ వెండెల్‌ను చాటుగా 'మిస్టర్ కూర్చో' అంటారు, అద్దంలో చూస్తూ రోజుకు నలభైసార్లు అతను అనే మాట అదే కనక. బ్రిట్టా చిట్టచివరి సీట్లో కూర్చుంటుంది. దిగేటప్పుడు మిగతా పిల్లల్లాగే "థాంక్యూ, మిస్టర్ టోలెఫ్‌సన్" అని దిగిపోతుంది. బస్సులో నాన్నా అంటే స్నేహితుల ముందు నామోషీ. అంతవరకు వెండెల్‌కు అర్థమవుతుంది. కానీ ఈ రెండేళ్ళలో ఇంట్లో కూడా మాటలు తగ్గిపోయాయి. ఊ అంటుంది, ఊహూ అంటుంది, తలుపు వేసుకుంటుంది. ఇంకో నాలుగు వేసవులు పోతే కాలేజీకని ఇల్లు వదిలి పోతుంది, ఆ తలుపు చప్పుడు కూడా ఈ ఇంట్లో ఉండదు. అది తలుచుకుంటే అతనికి దిగులేస్తుంది.

మోటార్‌హోమ్‌లో సోఫా ఉంటుంది, బల్ల ఉంటుంది, నలుగురం ఒకే గదిలో ఉంటాం, పిల్ల మాత్రం ఎక్కడికి పోతుంది అని అతని లెక్క.

బళ్ళు అమ్మే గస్ తెలిసినవాడే. మే నెలలో ఒక శని ఆదివారాలు మోటార్‌హోమ్, తరవాతి వారం ట్రైలర్, వాడి చూసి నచ్చింది తీసుకోండి అన్నాడు.

మొదటి ప్రయాణంలో వెండెల్ రాజులా కూర్చున్నాడు. అయితే పందొమ్మిదేళ్ళ అలవాటు ఊరికే పోదు. రైలు పట్టాలు రాగానే బండి ఆపి, కిటికీ దించి, తలుపు తీయించి, చెవులు రిక్కించి విన్నాడు. స్కూలు బస్సుకు అది తప్పనిసరి. మోటార్‌హోమ్‌కు అక్కర్లేదని వెనక కార్లవాళ్ళు హారన్లు కొట్టి చెప్పారు. ఇలా మూడుచోట్ల అయింది. ఎనిమిదేళ్ళ కొడుకు ఓటిస్ మూడోసారి తలుపు తీస్తూ, "నాన్నా, ఇక్కడెవరు ఎక్కుతారు?" అని అడిగాడు.

ఇంకో పది మైళ్ళు పోయాక వెండెల్ అద్దంలోకి చూసి గట్టిగా, "వెనక నిలబడ్డవాళ్ళు కూర్చోవాలి," అన్నాడు.

నిలబడింది జోలీన్. అతని కోసమే శాండ్‌విచ్ చేస్తోంది.

"కూర్చున్నా సార్," అంది. ఆ శాండ్‌విచ్ కూడా తనే తినేసింది.

చేరాల్సిన చోటికి చేరాక వెండెల్ ఇంజను ఆపి, బస్సులో అలవాటు ప్రకారం చివరిదాకా నడిచి, ఎవరైనా నిద్రపోతూ మిగిలిపోయారేమోనని మంచాల కింద కూడా చూసి వచ్చాడు. బ్రిట్టా నూట నలభై మైళ్ళూ వెనక మంచం మీద చెవుల్లో పాటలు పెట్టుకుని పడుకునే ఉంది. లేచి, అతని పక్కనుంచి మెట్లు దిగుతూ, "థాంక్యూ, మిస్టర్ టోలెఫ్‌సన్," అంది.

అందరూ నవ్వారు. వెండెల్ కూడా నవ్వాడు. ఆ సాయంత్రం నిప్పుల మీద కాల్చిన సాసేజీలు మాత్రం ఒక్కటి కూడా అతనికి సయించలేదు.

అయినా భయం భయమే. ట్రైలర్ వంతు వచ్చేసరికి వెండెల్ ఒక ఎత్తు వేశాడు. కౌంటీ పార్కు ఆఫీసుకు ఫోను చేసి, "మీ దగ్గర ట్రైలరు పెట్టుకునే స్థలాల్లో అన్నిటికంటే చెత్తది ఏదండీ?" అని అడిగాడు.

అవతలి ఆవిడ రిజిస్టరు తిరగేసింది. "పదిహేడో నంబరు. అది ఎవరూ అడగరు."

"అదే ఇవ్వండి," అని తన పేరు చెప్పాడు.

ఆ స్థలం చూడగానే జోలీన్ హడలిపోయి, ట్రైలరు మనవల్ల కాదని తనే అనాలి. అదీ పథకం. ఆ స్థలంలోకి బండి దూర్చవలసింది తనేనన్న చిన్న సంగతి ఫోను పెట్టేశాక గాని అతనికి తట్టలేదు.

శుక్రవారం సాయంత్రం బడి వదిలాక బయల్దేరేటప్పుడు జోలీన్ వెనక సీటు ఎక్కింది.

"నాకు కళ్ళు తిరుగుతున్నాయి. బ్రిట్టా ముందు కూర్చుంటుందిలే."

"కళ్ళు తిరిగితే ముందు కూర్చోవాలిగా?"

"నాకు వెనకైతేనే తిరగవు."

బ్రిట్టా ముందు సీట్లో కూర్చుని కిటికీలోంచి మొక్కజొన్న చేలు చూసింది. వాతావరణం గురించి వెండెల్ రెండుసార్లు మాట కలిపాడు. రెండు ఊలు వచ్చాయి.

పదిహేడో నంబరు నిజంగానే దరిద్రంగా ఉంది. మలుపులో ఇరుకు సందు, ఎడమవైపు ఓక్ చెట్టు, కుడివైపు నీళ్ళ కుళాయి గుంజ. చుట్టుపక్కల విడిది చేసినవాళ్ళు మడత కుర్చీలు ఇటు తిప్పుకున్నారు. కొత్తగా వచ్చినవాడు ట్రైలరు ఎలా పెడతాడో చూడటం అక్కడ అందరికీ ఇష్టమైన కాలక్షేపం. ఎర్ర టోపీ పెట్టుకున్న ఒకాయన బీరు డబ్బా కూడా తెచ్చుకుని స్థిమితంగా కూర్చున్నాడు.

"అబ్బే, దీంట్లోకి ఎవడివల్లా కాదు," అన్నాడు వెండెల్ సంతోషం దాచుకుంటూ. "ట్రైలరంటే ఇంతే మరి. పదండి, ఇంటికి పోదాం."

"ఎలా పోతాం?" అంది జోలీన్. "ముందు దారి లేదు చూడు."

నిజమే. దారి అక్కడితో ఆఖరు. ఇంటికి పోవాలన్నా వెనక్కే రావాలి.

వెండెల్ రివర్సు గేరు వేశాడు. మొదటిసారి ట్రైలరు కుళాయి మీదికి పోయింది. రెండోసారి చెట్టు మీదికి పోయింది. మూడోసారి పికప్, ట్రైలరు ఒకదాన్నొకటి చూసుకునేలా నిలబడ్డాయి. కుర్చీల్లోంచి ఎడమకని కొందరు, కుడికని కొందరు అరిచారు. దిగి చెయ్యి ఊపి దారి చెబుతుందనుకున్న పెళ్ళాం, కొడుకును వెంటేసుకుని ఎర్ర టోపీ పక్కన కుర్చీ వేసుకుంది. ఆయన ఇచ్చిన చీజు ముక్కలు కూడా తింటోంది.

"చెయ్యి కింద పెట్టు నాన్నా."

వెండెల్ పక్క సీట్లో ఉన్న బ్రిట్టా వైపు చూశాడు.

"స్టీరింగు అడుగున పట్టుకో. ట్రైలరు ఎటు పోవాలో చెయ్యి అటు జరుపు. కొంచెమే. అద్దంలో చూడు, నన్ను కాదు."

కొంచెమే జరిపాడు. ట్రైలరు చెప్పిన మాట విన్నట్టు అటే కదిలింది.

"నీకెలా తెలుసు?"

"తాతయ్య పొలంలో ట్రాక్టరుకు తగిలించిన గడ్డి బండ్లన్నీ రెండేళ్ళ నుంచి నేనే కొట్టాంలో పెడుతున్నా."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"ఎప్పుడు చెప్పాలి? పొద్దున బస్సు, సాయంత్రం బస్సు. బస్సు నడుస్తుండగా డ్రైవరుతో మాట్లాడరాదని నీ నెత్తి మీదే రాసుంటుంది."

ఆ బోర్డుకు రంగు వేసింది వెండెలే.

"నీకు రాదని నాకు తెలీదు," అంది బ్రిట్టా. "నీకు రానిదొకటి ఉంటుందనే అనుకోలేదు."

"చాలా ఉన్నాయి."

"ఏంటవి?"

"ముందు ఇది కానివ్వు. చెప్పాలంటే చాలాసేపు పడుతుంది."

ఆ పిల్ల నవ్వింది. ఇంకో రెండుసార్లు ముందుకీ వెనక్కీ ఆడించాక ట్రైలరు చెట్టుకూ కుళాయికీ నడుమ చక్కగా కూర్చుంది. జనం చప్పట్లు కొట్టారు. ఎర్ర టోపీ ఆయన వెండెల్‌కు బీరు తెచ్చి, తండ్రితో కాక ముందు కూతురితో చెయ్యి కలిపాడు. అక్కడున్న అందరికీ సంగతి అర్థమైపోయింది. పందొమ్మిదేళ్ళ పరువు అయిదు నిమిషాల్లో పోయింది. పోయినందుకు తనకు బాధగా లేకపోవడం చూసి వెండెలే ఆశ్చర్యపోయాడు.

పిల్లలిద్దరూ సరస్సు వైపు పోయాక అతను నేల చూపులు చూస్తూ మొదలుపెట్టాడు.

"జోలీన్, ఈ స్థలం కావాలని నేనే..."

"తెలుసు. ఆ ఆఫీసులో ఉండేది మా పిన్ని కూతురు. మీ ఇద్దరికీ ఏమైనా గొడవా అని ఫోను చేసింది. అదే ఇవ్వమన్నాను."

"నాకు వెనక్కి పెట్టడం రాదని కూడా..."

"ఆ రోజు రేవులో పడవ పట్టుకుని నిలబడింది నేనే కదయ్యా. ఎప్పటికైనా నువ్వే చెబుతావేమోనని పదహారేళ్ళు చూశాను."

వెండెల్ తెల్లమొహం వేశాడు. "మరి నీ కళ్ళు తిరగడం?"

"నాకెప్పుడు తిరిగాయి?" అంటూ ఆవిడ మడత బల్ల విప్పింది. "అన్నట్టు, ట్రైలరే తీసుకుంటామని గస్‌తో మొన్న బుధవారమే చెప్పేశాను. ఆ ఫ్రిజ్ మీది కాగితం ఇంటికెళ్ళాక తీసెయ్. దాని కింద క్యాలెండరు కనపడటం లేదు."

ఆదివారం తిరుగు ప్రయాణంలో బ్రిట్టా ఎవరూ చెప్పకుండానే ముందు సీటు ఎక్కింది. మొదట బడి బ్యాండులో ట్రంపెట్ మానేద్దామనుకుంటున్నానంది. తరవాత ఎందుకో చెప్పింది. ఆ తరవాత, ఒకప్పుడు ప్రాణస్నేహితురాలైన పిల్ల చలికాలం నుంచి తనతో మాట్లాడటం లేదని చెప్పింది. చలికాలమంతా ఆ పిల్లలిద్దరినీ వెండెలే రోజూ రెండు పూటలా బస్సులో తిప్పాడు, ఒకరు ముందు సీట్లో, ఒకరు వెనక సీట్లో కూర్చోవడం అద్దంలో చూస్తూనే ఉన్నాడు, కారణం మాత్రం ఏనాడూ అడగలేదు. వెండెల్ సలహాలేమీ ఇవ్వలేదు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని విన్నాడు.

వాళ్ళ ఊరి మలుపు వచ్చింది, పోయింది. బండి వేగం కూడా తగ్గలేదు.

వెనక సీట్లో ఓటిస్ తల్లి చెవి దగ్గరికి జరిగాడు. "అమ్మా, నాన్న మన ఊరు దాటించేశాడు."

"చూశాను," అంది జోలీన్, వాడి చేతిలో ఇంకో బిస్కెట్టు పెడుతూ. "చప్పుడు చెయ్యకుండా తిను."